పెత్రమాసకు అమ్మ మొహం

పదకొండేళ్ళుగా ఒకే మనిషిని ఎదురుగా కూర్చోబెట్టుకుని బొమ్మలు వేస్తున్నాను. ఇప్పుడెవరైనా వచ్చి, ఆమె మొహం ఎలా ఉంటుందమ్మా అని అడిగితే సరిగ్గా చెప్పగలనో లేదో నాకే అనుమానం. ఇదేదో వినయం అనుకునేరు. వినయం నా ఒంట్లో లేదని మా చుట్టాలంతా సాక్ష్యం చెబుతారు. నిజంగానే నాకు అంతా అయోమయంగా ఉంది.

నేను మనుషుల బొమ్మలే వేస్తాను. కొండలూ చెరువులూ వెయ్యను. రంగులు ఒలకబోసి దానికో పేరు పెట్టడం నాకు చేతకాదు. ఎదురుగా మనిషి కూర్చోవాలి, లేదా నడుం మీద చెయ్యి పెట్టుకుని నిలబడాలి, అప్పుడే నా చెయ్యి కదులుతుంది. ఉండేది చిక్కడపల్లిలో, ఒక కిరాయి ఇంటి పైవాటాలో. పని చేసుకునే గది అశోక్ నగర్‌లో, మూడో అంతస్తు. కింద పుస్తకాల దుకాణం, పక్కన కోచింగ్ సెంటర్. కిటికీ తెరిస్తే మైకులో సారు రాజ్యాంగం చెబుతూ ఉంటాడు. నేనిక్కడ ఎవరి మెడ కిందో నీడ కుదరక తంటాలు పడుతుంటాను. ఇన్నేళ్ళు విన్నదానికి నేను పరీక్ష రాసినా పాసయ్యేదాన్నేమో.

ఆమె మొదట కనిపించింది చిక్కడపల్లిలో మా పక్క స్థలంలో ఇల్లు కడుతున్నప్పుడు. పాలమూరు నుంచి వచ్చిన కూలీలలో ఒకతె. నీళ్ళడగడానికి మా మెట్ల మీదికి వచ్చి, తాగి, చెంబు పక్కన పెట్టి, తల మీది చుట్టబట్ట తీసి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. అబ్బ, ఆ కూర్చోవడం! ఒళ్ళంతా వదిలేసి కూర్చున్నట్టూ ఉంది, ఇంకో క్షణంలో లేవబోతున్నట్టూ ఉంది. నేను గుమ్మంలో నిలబడి, "అక్కా, ఆదివారం నాడు జర మా గదికొచ్చి ఇట్లనే కూసుంటవా, బొమ్మ ఏసుకుంట" అన్నాను. ఆమె నన్ను ఎగాదిగా చూసి, మేస్త్రిని అడిగి, వచ్చింది. వయసులో నాకన్నా నాలుగైదేళ్ళు చిన్నదే అయినా నేనామెను అక్కా అనడం, ఆమె నన్ను అక్కా అనడం ఆ రోజే ఖాయమైపోయింది.

తరవాత ఆమె తట్టలు మొయ్యడం మానేసి రాంనగర్‌లో ఇళ్ళల్లో పనికి కుదిరింది. బస్తీలో ఒక గది తీసుకున్నారు, కొడుక్కి పెళ్ళి చేశారు, కోడలొచ్చింది. అన్నీ మారాయి గానీ గురువారం మధ్యాహ్నం, ఆదివారం మధ్యాహ్నం నా గదికి రావడం మాత్రం మారలేదు. వచ్చి స్టూలు మీద కూర్చుంటుంది. అయిపోయిందంటే లేస్తుంది. లేచి, తల వంచుకుని, గోడ పక్కనించి, కాన్వాస్ వైపు ఒక్క చూపు కూడా పడకుండా వెళ్ళిపోతుంది. పదకొండేళ్ళల్లో తన బొమ్మ ఒక్కటంటే ఒక్కటి చూడలేదు.

నేను దాన్ని సిగ్గు అనుకున్నాను. కొన్నాళ్ళు పోయాక అంతకన్నా గొప్పదేదో అనుకున్నాను. పత్రికల వాళ్ళు వచ్చి, మీ చిత్రాల్లో ఎప్పుడూ ఒకే స్త్రీ ఎందుకుంటుందండీ అని అడిగితే, "ఆమె తన బొమ్మను ఇంతవరకు చూడలేదు, ఆ నిర్లిప్తతే నాకు ప్రేరణ" అని వాళ్ళకు చెప్పేదాన్ని. వాళ్ళు రాసుకుపోయేవాళ్ళు. తలుచుకుంటే ఇప్పుడు చెవులు వేడెక్కుతాయి.

ఇక్కడ నా చదువు సంగతి చెప్పాలి. పెయింటింగ్ కాలేజీలో నేర్చుకున్నానని అందరికీ చెబుతాను. అసలు చెయ్యి తిరిగింది నారాయణగూడలో, మా మేనమామ దుకాణంలో. చనిపోయినవాళ్ళ ఫొటోలు తెస్తే వాటిని పెద్దవి చేసి గీసిచ్చే దుకాణం అది. చిన్న ఫొటో మీద గళ్ళు, పెద్ద కాగితం మీద గళ్ళు, నల్లపొడి, మెత్తటి బ్రష్. చివర్లో ఎర్రటి బొట్టు. ఫ్రేము కట్టించుకుని, దండ వేసి, గోడకు తగిలించుకునేవాళ్ళు.

అసలు ఫొటోనే లేనివాళ్ళు కూడా వచ్చేవాళ్ళు. ముఖ్యంగా ఆడవాళ్ళ కోసం. ముసలమ్మ బతికినన్నాళ్ళూ ఆమెను ఫొటో తీయించాలని ఎవరికీ తోచి ఉండదు. అప్పుడు మామ, "పోలిక ఎవరికొచ్చింది?" అని అడిగేవాడు. కొడుకో, కూతురో, చెల్లెలో, ఎవరికొచ్చిందంటే వాళ్ళను తెచ్చి స్టూలు మీద కూర్చోబెట్టేవాడు. వాళ్ళ మొహానికి వయసు పెంచుతూ గీసేవాడు. చుట్టూ అయిదుగురు చేరి ముక్కు దగ్గర కొట్లాడుకునేవాళ్ళు. ఒకళ్ళు సన్నం అంటే ఒకళ్ళు లావు అనేవాళ్ళు. మామ అందరి మాటా వినేవాడు. గుంపులో ఎవరో ఒకరు మాట్లాడ్డం ఆపేసి బొమ్మతోనే మాట్లాడ్డం మొదలుపెట్టేవాళ్ళు. మామ వెంటనే బ్రష్ కింద పెట్టేసేవాడు. "అయిపోయింది. ఇంక ముట్టుకుంటే కరాబైతది" అనేవాడు.

కాలేజీలో చేరాక ఆ దుకాణం పేరెత్తడానికి నాకు నామోషీగా ఉండేది. చచ్చినవాళ్ళ బొమ్మలేసే చోట నేర్చుకున్నానంటే ఎవరు లెక్కచేస్తారు? నేను బతికున్న మనుషుల్ని వేసే దాన్ని, నాది వేరే అని గట్టిగా అనుకుని, అదే పట్టుకుని ఇంతదూరం వచ్చాను.

నాకు పేరు తెచ్చిన బొమ్మ ఒకటుంది. నీలం చీరలో ఆమె, మోకాలి మీద ఒక చెయ్యి, లేవబోతున్నట్టు కూర్చుని ఉంటుంది. ఊరూరా ప్రదర్శనల్లో తిరిగింది, కేటలాగు అట్ట మీద పడింది. చూసినవాళ్ళంతా మెచ్చుకున్నారు. ఎవరికీ చెప్పని మాట ఇప్పుడు చెబుతున్నాను. అందులో పోలిక తప్పింది. ఆమె గడ్డం అంత బరువుగా ఉండదు. కళ్ళు అలా లోపలికి ఉండవు. వేస్తున్నప్పుడే తెలుసు తప్పుతోందని, ఎక్కడ తప్పుతోందో అర్థం కాలేదు, ఒళ్ళు మండి సంతకం పెట్టి పక్కన పడేశాను. తీరా అదే అందరికీ నచ్చింది. పోలిక కుదిరిన బొమ్మల్ని ఎవరూ పట్టించుకోలేదు, తప్పిన బొమ్మకు దండలు వేశారు. ఇదేం ఖర్మో నాకు ఈ రోజుకీ తెలియదు. దాన్ని ఎవరడిగినా ఇవ్వలేదు. పాత దుప్పటి చుట్టి, గదిలో మూలన గోడవైపు తిప్పి పెట్టేశాను.

ఈ ఏడాది, పెత్రమాసకు ఇంకా రెండు వారాలుందనగా, ఒక గురువారం ఆమె వచ్చి స్టూలు మీద కూర్చోలేదు. కొంగు వేలికి చుట్టుకుంటూ నిలబడింది.

"అక్కా, నువ్వు సచ్చిపోయినోళ్ళ బొమ్మలు మంచిగేస్తవంట గద. మా అమ్మదొకటి ఏసియ్యవా?"

పెత్రమాస అంటే బతుకమ్మ మొదలయ్యే అమావాస్య. ఇంటి పెద్దలను తలుచుకుని, వాళ్ళ ఫొటోలు తుడిచి, బొట్టు పెట్టి, వండి పెట్టే రోజు. ఆమె ఇంట్లో అత్తా మామల ఫొటోలు ఉన్నాయి. ఆమె తల్లికి ఫొటో లేదు. ఆమెకు పదిహేనేళ్ళప్పుడే పోయింది. ఇన్నేళ్ళూ ఆ ఫొటోల పక్కన తమలపాకులో ఒక వక్క పెట్టి, అదే తల్లి అనుకుని దండం పెట్టుకుంటోంది.

"మొన్న కోడలడిగింది అక్క, మీ అమ్మ ఎట్లుండేదత్తమ్మా అని. సెప్దమని నోరు తెరిసిన. ఏమీ రాలే. మొకమే యాదికొస్తలేదు. శెయ్యి యాదికున్నది, శీర యాదికున్నది, గొంతు గూడ యాదికున్నది. మొకం లేదు. రెండు దినాలు బువ్వ తినలే నేను."

చెబుతూనే ఏడ్చేసింది. సరే వేస్తాలే అన్నాను. అంతలో మొదటి మాట చెవిలో తిరిగింది.

"సచ్చిపోయినోళ్ళ బొమ్మలేస్తనని ఎవరన్నరు నీకు?"

"అప్పుడే, మీ పక్కన ఇల్లు కట్టేటప్పుడే మేస్త్రి సెప్పిండు. మీ మామది గసొంటి దుకాణమంట గద నారాయణగూడల."

"మరి నిన్ను కూసోబెట్టి ఏస్తున్న గద పదకొండేండ్ల సంది! నువ్వు సచ్చినవా?"

"అందుకే గద అక్క నేను సూడంది. బతికున్నోళ్ళ బొమ్మ ఫ్రేముల ఎక్కుతదా? నాకు భయమయ్యింది. సూస్తే ఏమైతదో అని సూడలే."

"గంత భయముంటే ఎందుకొచ్చినవ్ మరి?"

"నువ్వు రమ్మంటివి. కూసుంటే ఏం గాదు గద. సూస్తెనే అయితది."

నిర్లిప్తత! ప్రేరణ! నా తలకాయ! ఆమె తల వంచుకుని గోడ పక్కనించి పారిపోతుంటే, ఈమెకు కీర్తి మీద మోజు లేదని నేను పేపర్లకు చెప్పుకున్నాను. నవ్వాలో ఏడవాలో తెలియక టీ పెట్టాను. ఇద్దరం తాగాం.

మామ పద్ధతిలోనే మొదలుపెట్టాను. పోలిక ఎవరికొచ్చింది అని అడిగాను. తనకే వచ్చిందని ఊళ్ళో అనేవాళ్ళట. ఆమెను కూర్చోబెట్టి, వయసు పెంచి, బొగ్గుతో గీశాను. తల్లి బొమ్మ కాబట్టి ఈసారి భయం లేకుండా దగ్గరికొచ్చి చూసింది.

"గిట్ల లేకుండె. మా అమ్మ బక్కగుండె."

బక్కగా గీశాను. "గింత బక్కగ గాదు." ముక్కుకు పుల్ల పెట్టాను. "ముక్కు మంచిగున్నది గని మా అమ్మది గాదు." ఊళ్ళో ఉన్న వాళ్ళ చిన్నమ్మకు ఫోన్ చేయించాను. చిన్నమ్మ, మా అక్క తెల్లగా ఉండేదంది. తమ్ముడు నల్లగా అన్నాడు, అచ్చం నా లెక్కనే అని కూడా అన్నాడు. కోడలు తెలివైన పిల్ల, తనకు తోచినట్టు ఫోన్లో ఏదో నొక్కి ఒక బొమ్మ తెచ్చింది. అందులో ఒక అందగత్తె మెడనిండా నగలతో ఎటో చూసి నవ్వుతోంది. అత్తగారు దాన్ని తిప్పి తిప్పి చూసి, "గీమె ఎవరో దొరల బిడ్డ. మా అమ్మ గీమె ఇంట్ల పనిజేసి ఉంటది" అంది. ఆ ఒక్కసారే అందరం నవ్వాం.

వారం గడిచింది. పది రోజులయ్యాయి. నేల నిండా ముసలమ్మలే. ఎవరి మొహం ఎవరిదో నాకే తెలియడం మానేసింది. చిక్కడపల్లి కూరగాయల బజారులో నడుస్తుంటే ప్రతి ఆడమనిషి గడ్డం, దవడ చూస్తూ దారికి అడ్డం నిలబడేదాన్ని. ఒకావిడ, "ఏందమ్మా, ఎవరన్న తప్పిపోయిన్రా?" అని అడిగింది. అవునన్నాను. ఇంకేం చెప్పను?

పదకొండో రోజునో పన్నెండో రోజునో, నేను గీసినదాన్ని మళ్ళీ కాదనేసరికి నా ఓపిక చచ్చిపోయింది. బొగ్గుముక్క నేలకేసి కొట్టాను.

"నీకే యాది లేకపోతే నేనెట్ల ఎయ్యాలె? నేనేమన్న సూసిన్నా మీ అమ్మను?"

ఆమె కోపం తెచ్చుకోలేదు. వంగి ఆ ముక్కలు ఏరి నా బల్ల మీద పెట్టింది.

"యాది లేకనే గద అక్క నీ దగ్గరికొచ్చిన. యాదుంటే నీతోని ఏం పని?"

నేను సిగ్గుతో చచ్చిపోయాను. ఇన్నేళ్ళూ మనుషుల బొమ్మలు వేస్తానని చెప్పుకు తిరిగినదాన్ని, ఒక మనిషి వచ్చి ఒకే ఒక్క మొహం అడిగితే ఇవ్వలేకపోతున్నాను.

పెత్రమాసకు రెండు రోజులుంది. ఇంకొక్కసారి గీద్దామని మూలన మంచి అట్ట కోసం వెతుకుతున్నాను. పైన పేర్చినవి లాగుతుంటే దుప్పటి జారి, నీలం చీర బొమ్మ నా మీదికి ఒరిగింది. రెండు చేతులతో పట్టుకుని గోడకు నిలబెట్టాను. అదే సమయానికి ఆమె తలుపు తీసుకుని లోపలికొచ్చింది. అయ్యో, తన బొమ్మ చూసేసింది, భయపడుతుంది అని దుప్పటి కోసం చెయ్యి చాపాను.

ఆమె భయపడలేదు. చెప్పులు గుమ్మం బయట విడిచి, మెల్లగా వచ్చి, బొమ్మ ముందు నేల మీద కూర్చుంది.

"ఏమే అమ్మా," అంది బొమ్మతో. "గిన్నేండ్లు ఈడ్నే ఉన్నవా?"

కాదు అక్కా, అది నువ్వు, అన్నాను. ఈ స్టూలు మీదనే కూర్చున్నావు, నేనే వేశాను, ఆ నీలం చీర నీదే, పైట దగ్గర కుట్టుంది చూడు అన్నాను. చీర తనదేనని ఒప్పుకుంది.

"నా శీరనే కట్టుకున్నది. కట్టుకోనీ. ఆమెకు మంచి శీర ఏడున్నది పాపం."

అది వేసిన రోజు ఏం జరిగిందో గుర్తు తెచ్చుకోవాలని ఎంతో ప్రయత్నించాను. ఆ రోజు వాళ్ళ అమ్మ గురించి మాట్లాడిందా? ఒంట్లో బాగాలేదా? ఆమెనే అడిగితే, "ఏమో అక్క, ఎన్ని దినాలాయె" అంది. నాకూ గుర్తు లేదు. కాబట్టి ఆ గడ్డం, ఆ కళ్ళు ఎక్కడినుంచి వచ్చాయో నాకు తెలియదు.

బొమ్మ ఇస్తావా అని ఆమె నోరు తెరిచి అడగలేదు. కూర్చుని చూస్తోంది, అంతే. నాకు మాత్రం గుండె పీకింది. అది నా పేరు, నా బతుకు. దాన్ని ఫ్రేము కట్టి బస్తీ గదిలో పొయ్యి పొగలో వేలాడదీస్తారా? "దీన్ని సూసి ఇంకోటి అచ్చం ఇట్లనే ఏసిస్త, రేపటికల్లా" అన్నాను. "నీ ఇష్టమక్క" అంది.

తెల్లారినప్పటినుంచి మధ్యాహ్నం దాకా కూర్చుని గళ్ళు గీసి మరీ దించాను, నారాయణగూడ పద్ధతిలో. గీత గీతకూ కొలత చూశాను. చెయ్యి చక్కగా సాగింది. ఆమె రాగానే తిప్పి చూపించాను. చూసింది. చూసీ చూడగానే కొంగు మొహం మీదికి లాక్కుని గోడవైపు తిరిగిపోయింది.

"ఇది నేను గద! నాకెందుకు సూపిస్తున్నవక్కా? తీసెయ్, జల్ది తీసెయ్!"

నేను రెండు బొమ్మలూ పక్కపక్కన పెట్టి చూశాను. ఒకే చీర, ఒకే చెయ్యి. అయినా ఆమె అన్నది నిజమే. రెండోది అచ్చం ఆమె. గడ్డం తేలికైంది, కళ్ళు పైకొచ్చాయి. నేనేం మార్చలేదు. మార్చలేదనే ఇప్పటికీ అనుకుంటున్నాను. పదకొండేళ్ళు ఆ పోలిక కోసం ఏడ్చాను, ఆమెను చూడకుండా వేసిన పూట అదే వచ్చి కూర్చుంది.

ఇంక నాకు వాదించే ఓపిక లేదు. రెండోదాన్ని గోడవైపు తిప్పి, మొదటిదానికి దుప్పటి చుట్టి, ఇద్దరం పట్టుకుని మూడంతస్తులు దిగాం. కింద ఆటోలో అడ్డంగా పెట్టి, అటొకరం ఇటొకరం పట్టుకుని తీసుకెళ్ళాం. ఆటో డ్రైవర్ వెనక్కి తిరిగి, "ఏంటిది అమ్మా, టీవీయా?" అన్నాడు. "మా అమ్మ" అంది ఆమె.

పెత్రమాస నాడు నన్ను భోజనానికి పిలిచింది. వీధిలో పిల్లలు మొదటి రోజు ఆడే ఎంగిలిపూల బతుకమ్మకు తంగేడు పూలు, గునుగు పూలు పరుచుకుని కూర్చున్నారు. లోపల అత్తా మామల ఫొటోల పక్కన నా బొమ్మ, వాటికి నాలుగింతలుంది. బంతిపూల దండ వేశారు. నేను చూస్తుండగానే ఆమె కుంకుమ తడిపి, బొటనవేలితో బొమ్మ నుదుటి మీద నొక్కి బొట్టు పెట్టింది. నా రంగుల మీద! ప్రాణం ఉసూరుమంది.

ఊరి నుంచి చిన్నమ్మ వచ్చింది. బాగా ముసలిది, నడుం వంగిపోయింది. బొమ్మ ముందు నిలబడి, "ఎవరు బిడ్డా ఈమె?" అంది.

"అమ్మ."

"అవునా?" అని ఇంకా దగ్గరికి జరిగింది. చాలాసేపు చూసింది. ఈమె గుర్తుపట్టకపోతే ఏం కావాలి? ఆఖరికి చిన్నమ్మ తల మీద కొంగు సరిచేసుకుని, "అవును, అక్కనే. నేను తెల్లగ అనుకుంటున్న. మర్శిపోయిన" అని చేతులు జోడించింది. ముసలామె నిజంగా గుర్తుపట్టిందా, లేక గోడ మీద ఉన్నదే ఇంక అక్క అని సర్దుకుందా? ఆ మనిషికి మిగిలిన కాస్త జ్ఞాపకాన్ని నేను నిలబెట్టానో చెరిపేశానో తేల్చుకోలేకపోయాను. విస్తరి ముందు కూర్చున్నా ముద్ద దిగలేదు. కూతురు మాత్రం ఆ రోజు రెండుసార్లు వడ్డించుకుని తింది.

మళ్ళీ గురువారం మధ్యాహ్నం ఎప్పటిలాగే వచ్చి స్టూలు మీద కూర్చుంది. నేను బ్రష్ పట్టుకుని నిలబడ్డాను. ఆమె మొహం చూశాను. చాలాసేపు చూశాను. ఇన్నేళ్ళు నేను వేసింది ఎవరిని? ఇప్పుడు ఎవరిని వెయ్యాలి? అడిగేశాను.

"ఎప్పటి లెక్కనే ఎయ్యక్క, మా అమ్మనే," అంది, కిటికీ వైపు తిరుగుతూ. "నేనింక బతికున్న గద."